సర్పంచ్ అయిన బిడ్డకు

బిడ్డా,

గట్టిగా మాట్లాడితే నోటి దురుసు అంటున్నారు, మెల్లగా మాట్లాడితే ఈమెకేం తెలుసు అంటున్నారు, ఎట్లా మాట్లాడాలి పెద్దమ్మా అని అడిగావు. ఎట్లా మాట్లాడినా అంటారమ్మా. అదే ఉపసర్పంచ్ బల్ల గుద్దితే దమ్మున్నోడు అంటారు. గొంతు గురించి టెన్షన్ పడకు. రూల్ తెలుసుకో, దాన్ని పట్టుకుని నిలబడు.

1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉన్న దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్), టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. అప్పటికి చిన్నపిల్ల. టికెట్ తెచ్చాకే లోపలికి పంపింది. ఎదుటి మనిషి ఎంత పెద్దవాడైనా ఆమెకు తన డ్యూటీ ఏమిటో తెలుసు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నదీ ఆమే.

మీటింగ్‌కు ముందే ఎజెండా చదువు. అయ్యాక తీర్మానాల పుస్తకంలో నువ్వు అన్నది అన్నట్టే రాశారో లేదో చూసుకునే సంతకం పెట్టు. కార్యదర్శి "తర్వాత రాస్తాను మేడం" అంటే, రాసేదాకా అక్కడే కూర్చో. మన తెలంగాణలో చెక్కు మీద నీతోపాటు ఉపసర్పంచ్ కూడా సంతకం చేయాలి కాబట్టి బిల్లుల దగ్గరే గొడవలొస్తాయి. ప్రతి పైసా లెక్క నీ నోటికి రావాలి.

మీ ఆయన మంచివాడే. అయినా నీ కుర్చీలో కూర్చోనివ్వకు. ఆయన్ని "సర్పంచ్ సాబ్" అని ఎవరైనా పిలిస్తే నలుగురిలోనే సరిదిద్దు. ఇంట్లో అలిగితే అలగనీ. రిజర్వేషన్ ఇచ్చింది నీకు.

మగ సర్పంచ్‌ను తిట్టాలంటే లెక్కలడుగుతారు. మనల్ని తిట్టాలంటే చీర గురించి, రాత్రి ఎన్నింటికి ఇంటికొచ్చావన్న దాని గురించి మాట్లాడతారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే. అలాంటప్పుడు సంజాయిషీ చెప్పకు, తిరిగి తిట్టకు. "ఇప్పుడు మీరన్నది మినిట్స్‌లో రాయించమంటారా?" అని అందరి ముందూ అడుగు. చాలామంది అక్కడే తగ్గుతారు. తగ్గకపోతే నిజంగానే రాయించు, ఎంపీడీవోకు కాపీ పంపు.

అవతలి పార్టీ వార్డు మెంబరమ్మను ఎవరైనా అలా అన్నా ఇదే చెయ్యి. మనవాళ్లే అన్నారని నవ్వి ఊరుకోవద్దు.

ఈసారి గ్రామసభ సాయంత్రం పెట్టకు. వంట వేళకు ఆడవాళ్లు లేచిపోతారు. పొద్దున పెట్టి, మైకు మొదట వెనక వరుసకివ్వు.

మీ పెద్దమ్మ