లండన్ మీటింగ్‌కు గంట ముందే వస్తున్న సభ్యులు: సమాధానం

లండన్‌లో గడియారం మారింది, అంతే. లండన్ హెడ్డాఫీసు పెట్టిన నవంబర్ ఆన్‌లైన్ మీటింగ్‌లో హైదరాబాద్ సభ్యులు గంటసేపు ఖాళీగా కూర్చున్నారన్నారు కదా, అందులో వాళ్ల తప్పేం లేదండీ.

1. అక్టోబర్ చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మార్చి చివరి ఆదివారం మళ్లీ ముందుకు. మనకా గొడవ లేదు. లండన్‌లో మధ్యాహ్నం 2 అంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30.

2. అందరూ మరిచేది ఇదే: క్యాలెండర్ ఇన్వైట్‌ను మన టైమ్‌తో పెడతారు. దాన్ని తీసేసి, టైమ్ జోన్ దగ్గర లండన్ ఎంచుకుని కొత్తది పెట్టండి. ఇక దానంతటదే మారుతుంది.

3. హెడ్డాఫీసు మెయిల్‌ను వాట్సాప్ గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తే రీజనల్ అంబాసిడర్‌గా, అంటే సంస్థకు ఇక్కడి ప్రతినిధిగా, మీ పని అయిపోయినట్టు కాదు (నేనూ మొదట్లో అదే చేశాను). మన టైమ్ పైన రాసి పంపండి.

7:30కి హైటెక్ సిటీ వాళ్లు ట్రాఫిక్‌లో ఉంటారు. చలికాలంలో మీటింగ్‌ను గంట ముందే, మన 6:30కే పెట్టమని హెడ్డాఫీసును మీరే అడగాలి.