ముందు చెక్కను చూడు

తమ్ముడూ,

కొరియా మహిళా కళాకారుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధ ఉంది, కోపమూ ఉంది. రెండూ కావలసినవే. కానీ ప్రతి పేరాలోనూ "కన్‌ఫ్యూషియన్ సంప్రదాయం" అన్నావు, అంటే చైనా తాత్వికుడు కన్‌ఫ్యూషియస్ పేరు మీద వచ్చిన, పెద్దలకూ మగవాళ్లకూ పెద్దపీట వేసే కుటుంబ ధర్మం. అది ఏ ఇంట్లో, ఏ కాగితం మీద, ఎవరిని ఎలా కట్టేసిందో ఒక్కచోటా చెప్పలేదు. అందుకే కోపం పాఠకుడి దాకా రాలేదు.

తిరగరాసేటప్పుడు ఒక్క కళాకారిణితో మొదలుపెట్టు. యున్ సొక్‌నామ్ చాలు. 1939లో మంచూరియాలో పుట్టి, నలభై ఏళ్ల వయసుకి కుంచె పట్టిన మనిషి. వాడి పారేసిన పాత చెక్కల మీద, బట్టలు రుద్దే పలకల మీద తన తల్లిని చిత్రించింది. 39 ఏళ్లకే భర్త పోతే ఆరుగురు పిల్లల్ని పెంచిన తల్లి ఆవిడ. మొదటి పేరాలో వ్యాఖ్యానం వద్దు. చెక్క ఎక్కడ పగిలింది, రంగు ఎక్కడ ఆగింది, పలక మీది గాడులు ఆ తల్లి బొమ్మ ఒంటి మీద ఎలా కనబడుతున్నాయి, అంతే రాయి. గది మొత్తాన్నే కళాకృతిగా మలిచిన 1996 నాటి 'పింక్ రూమ్' అయితే కుర్చీలోంచి పొడుచుకొచ్చిన మేకులు, నేలంతా పరిచిన పూసలు. కూర్చోలేం, నడవలేం. ఆ ఇబ్బంది ముందు పాఠకుడి కాళ్లకు తెలియాలి.

చట్టం ఆ తర్వాత. దక్షిణ కొరియాలోని 'హోజు' పద్ధతిలో ప్రభుత్వం రాసుకునే కుటుంబ పట్టీకి యజమాని మగవాడు. అతను పోతే ఆ స్థానం భార్యకంటే ముందు కొడుకుది, పాలు తాగే పసివాడైనా సరే. రాజ్యాంగ న్యాయస్థానం 2005లో దాన్ని తప్పుపట్టింది, 2008 జనవరి 1న రద్దయింది. ప్రతి కృతి పక్కనా సంవత్సరం వేసుకో. అది హోజు ఉన్నప్పటిదా, పోయాకదా అన్నది అర్థాన్నే మార్చేస్తుంది.

ఇంకో పొరపాటు, సంప్రదాయమంతా అయిదువందల ఏళ్లూ ఒకేలా ఉందనుకోవడం. ఆ అయిదువందల ఏళ్లూ కొరియాను ఏలిన జొసొన్ రాజ్యం తొలిరోజుల్లో కూతుళ్లకూ ఆస్తిలో సమాన వాటా ఉండేది, పితృకార్యాలు వంతులవారీగా వాళ్లూ చేసేవారు. పదిహేడో శతాబ్దం నుంచి అంతా పెద్దకొడుకు చేతికి పోయింది. చిత్రకారిణి షిన్ సయిమ్‌దాంగ్ (1504–1551) సంగతి ఇక్కడే తేలుతుంది. బతికున్న కాలంలో ఆమెకు పేరు తెచ్చినవి ద్రాక్షతీగలు, ప్రకృతి దృశ్యాలు. పండితుడు యి ఇ తల్లిగా, ఆదర్శమాతగా ఆమెను నిలబెట్టింది తర్వాతి తరాల పండితులు. 2009లో దక్షిణ కొరియా యాభైవేల వోన్ నోటు మీదికి వచ్చింది ఆమే. 2007లో ఎంపిక జరిగినప్పుడు మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి, మంచి భార్య, మంచి తల్లి అన్న పాత మూసకే పట్టం కడుతున్నారని. నీ వ్యాసంలో ఆమెకు ఒక్క వాక్యమే ఇచ్చావు. కనీసం ఒక పూర్తి పేరా ఇవ్వు.

పితృకార్యాన్ని మన తద్దినంతో పోల్చి దాటేయకు. తెలిసిందేలే అనుకుని పాఠకుడు అక్కడే చూపు ఆపేస్తాడు. వంటగదిలో కోడళ్లు, బల్ల ముందు వంగి మొక్కే మగవాళ్లు, ఆ దృశ్యం చెప్పు. 2000లో ఇప్‌గిమ్ అనే మహిళా కళాకారుల బృందం సియోల్‌లోని రాజవంశ పితృమందిరం జొంగ్‌మ్యో పక్కన పార్కులో కళాప్రదర్శన పెట్టబోతే, రాజవంశీకులమన్నవాళ్లు వచ్చి అడ్డుకున్నారు. ఘర్షణ నేరుగా కనబడే సందర్భం అది, వదలకు.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల కళాకారిణి నా హ్యేసొక్ విషయంలో మాత్రం చేయి బిగబట్టు. 1934లో ఆమె అచ్చువేయించిన విడాకుల ప్రకటన గురించి అందరూ రాస్తారు. 1921లోనే సియోల్‌లో సొంత చిత్రప్రదర్శన పెట్టిన చిత్రకారిణి ఆమె. ఆ బొమ్మల ముందు కాసేపు నిలబడి, తర్వాత విడాకుల దగ్గరికి వెళ్లు.

సయిమ్‌దాంగ్ పేరా ముందు రాసి పంపు. మిగతాది దాని తర్వాత చూద్దాం.