డాక్టర్ ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌కి బాధ్యత ఎవరిది?

"నైట్ డ్యూటీలో డాక్టర్ ఫోన్‌లో చెబుతారు, ఇంజక్షన్లు మేమే చేసేస్తాం. ఏదైనా అయితే కేసు ఎవరి మీద?" అని అడిగావు కదా చెల్లీ, నేను చూసింది చెప్తాను. విశాఖలో పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సుని, ఎక్కువ కాలం ఐసీయూలోనే.

ఇంతకుముందు గాజువాక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేసేదాన్ని. రాత్రి రెండింటికి ఒక పేషెంట్‌కి రక్తంలో పొటాషియం 2.8 వచ్చింది, బాగా తక్కువ. డాక్టర్ నిద్రమత్తులో "ఒక కేసీఎల్ ఇచ్చేయండి" అని ఫోన్ పెట్టేశారు. కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్ ఇంజక్షన్. దేంట్లో కలపాలి, ఎంతసేపట్లో వెళ్లాలి, ఏమీ లేదు. కొత్తగా చేరిన అమ్మాయి పది ఎంఎల్ ఆంప్యూల్ మొత్తం సిరంజిలోకి లాగేసి బెడ్ దగ్గరికి నడుస్తోంది. అది అలాగే నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాం.

జరిగింది జరిగినట్టు రిజిస్టర్‌లో రాశాను. పొద్దున మెమో ఎవరికి వచ్చిందనుకున్నావు? ఆ అమ్మాయికే! డాక్టరుగారు "డ్రిప్‌లో వేయమనే చెప్పాను" అన్నారు. ఆర్డర్ షీట్‌లో ఆయన సంతకం గడి ఖాళీ. మందు ఇచ్చినవాళ్ల గడిలో మాత్రం మన సంతకం ఉంటుంది.

నష్టపరిహారం కేసైతే సిబ్బంది తప్పుకి మామూలుగా ఆసుపత్రి కూడా జవాబు చెప్పాలి. క్రిమినల్ కేసు వేరు. చిన్న పొరపాటు చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఒకసారి చదువు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్‌కి గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు, మిగతావాళ్లకి 5 ఏళ్లు. డాక్టర్ అంటే మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అందులోకి రాదు. డాక్టర్ పని మన చేత చేయిస్తారు గానీ ఆ మినహాయింపు మనకి లేదు. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇప్పుడు ఫోన్ స్పీకర్‌లో పెడతాను, పక్కన ఇంకో సిస్టర్ వింటుంది. మందు, డోసు, ఎలా ఎక్కించాలో తిరిగి చదివి వినిపించి, టైముతో సహా షీట్‌లో రాస్తాను. పొద్దున రౌండ్స్‌లో సంతకం పడేదాకా వదలను. ఒక డాక్టరుగారు మొదట్లో "నామీద నమ్మకం లేదా సిస్టర్?" అని విసుక్కునేవారు. ఇప్పుడు ఆయనే అడక్కముందే డోసు వాట్సాప్‌లో టైప్ చేసి పంపిస్తున్నారు.