అడ్డుతెరకు రెండు వైపులా

తెనాలి

బాబూ,

స్ప్లిట్ స్క్రీన్ గురించి, అంటే తెరను చీల్చి రెండు వీడియోలు పక్కపక్కన చూపడం గురించి, నువ్వు రాసి పంపిన 14 పేజీల పాఠం, దానితోపాటు మూడు నిమిషాల వీడియో అందాయి. పాఠం రెండుసార్లు చదివాను, వీడియో ఏడుసార్లు చూశాను. అయినా జవాబుకి నెల పట్టింది. కారణం నీ 13వ పేజీ. 'వీడియో రెండర్ అయిపోయాక (ముక్కలన్నీ కలిసి ఒకే ఫైలుగా తయారయ్యాక) ఒరిజినల్ క్లిప్పులు డిలీట్ చేసి జాగా ఖాళీ చేసుకోండి' అని రాశావు. అక్కడ కాగితాలు పక్కన పెట్టి లేచాను. మళ్లీ పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ వాక్యాలు పొట్టిగా, తేటగా ఉన్నాయి. చదివేవాడు ఒక చేయి మౌస్ మీద పెట్టుకుని చదువుతాడని నీకు తెలుసు. అది చాలామందికి తెలియదు.

రెండో పేజీలో మీ అక్క పెళ్లి గురించి రెండే రెండు వాక్యాలు రాశావు. అడ్డుతెరకు అటు పెళ్లికొడుకు, ఇటు మీ అక్క. రెండు కెమెరాలు. ఆ రెండింటినీ స్క్రీన్ మీద పక్కపక్కన పెడితే మధ్యలో గీత సరిగ్గా అడ్డుతెర ఉన్నచోట పడింది. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించితే నీ గీత కూడా జరిగిపోయి, ఇద్దరూ ఒకే ఫ్రేములోకి వచ్చారు. బాబూ, నలభై ఏళ్లుగా పెళ్లి వీడియోలు చూస్తున్నాను, కొన్ని వందలు నేనే మిక్సింగ్ చేశాను. తెరను రెండుగా ఎందుకు చీల్చాలో ఇంత చక్కగా చూపించినవాడు నాకు కనబడలేదు. మనవాళ్లు ఏనాడో కట్టుకున్న స్ప్లిట్ స్క్రీన్ అది. అంత మంచి సంగతిని రెండు వాక్యాల్లో ముగించి, వెంటనే 'ముందుగా ఫైల్ మెనూలోకి వెళ్లి' అని మొదలుపెట్టావు. అక్కడి నుంచి పదకొండు పేజీలు బటన్లే.

బటన్ల మీద నాకు కోపం లేదు. వాటి ఆయుష్షు మీద నమ్మకం లేదు. ఒకప్పుడు ఒక మాసపత్రికలో విండోస్ మూవీ మేకర్ మీద వరసగా పాఠాలు రాశాను. అందులో వీడియోకి ఒక్కటే ట్రాక్, అంటే క్లిప్పులను పేర్చే వరస ఒక్కటే. రెండు వీడియోలు పక్కపక్కన పెట్టడానికి దారే కనబడదు. ఎవరో రాసిన చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు (సాఫ్ట్‌వేర్‌కి సూచనలుండే ఫైలు) తెచ్చి, ఒక క్లిప్ నుంచి ఇంకోదానికి మారేచోట వేసే ట్రాన్సిషన్‌లా వేసి, ఒక క్లిప్ మీదికి ఇంకోటి జరిపితే అప్పుడు సగం సగం వచ్చేది. ఆ కిటుకు కోసం మూడు రాత్రులు కూర్చున్నాను. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ సాఫ్ట్‌వేర్‌నే ఆపేసింది. నా పాఠాలు ఇవాళ ఎవరికీ పనికిరావు.

అందుకే నీ పదకొండు పేజీల్లో మిగలాల్సింది ఒక చిన్న లెక్క. స్క్రీన్ వెడల్పు 1920 పిక్సెల్స్, ఎత్తు 1080. సగం అంటే 960. క్లిప్‌కి ఎడమ నుంచి 480, కుడి నుంచి 480 క్రాప్ చేస్తే, అంటే కత్తిరిస్తే, మధ్యభాగం 960 మిగులుతుంది. దాన్ని 480 ఎడమకు జరిపితే ఎడమ సగం, రెండో క్లిప్‌ని 480 కుడికి జరిపితే కుడి సగం. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెలే నేరుగా వేయవచ్చు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్‌లలో అంకెలు వేసే పెట్టెల పేర్లు వేరు, లెక్క మాత్రం ఇదే. ఆపిల్ వాళ్ల ఐమూవీలో రెండో క్లిప్‌ని మొదటిదాని పైన పెట్టి, ఓవర్‌లే (పైన పేర్చే) సెట్టింగ్‌లో స్ప్లిట్ స్క్రీన్ ఎంచుకుంటే అదే చేసిపెడుతుంది. కానీ రెండు బొమ్మలకు మించి పెట్టనివ్వదు. నాలుగు కావాలంటే రెండు రెండుగా చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, వాటిని మళ్లీ కలుపుకోవాలి. నిలువుగా తీసిన ఫోన్ వీడియోలైతే మూడు పక్కపక్కన దాదాపు అతికినట్టు సరిపోతాయి. ఒక్కోదానికి 640 వస్తుంది, 1080 ఎత్తుకి అసలు వెడల్పు 607 చిల్లర, కాస్త పెద్దది చేస్తే చాలు. ఇంత చెబితే చదివేవాడు ఏ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నా దారి వెతుక్కుంటాడు.

ఆ 960 గురించి ఒక హెచ్చరిక మాత్రం రాయి. సగం తెర దాదాపు చతురస్రం. మనిషిని ఫ్రేము అంచున నిలబెట్టి తీస్తే క్రాప్‌లో చెవో భుజమో పోతుంది. సగం చేయబోతున్నామని ముందే తెలిస్తే మనిషిని మధ్యలో పెట్టి తీయాలి. ఇది ఎడిటింగ్ టేబుల్ దగ్గర గుర్తొస్తే లాభం లేదు.

తొమ్మిదో పేజీలో 'ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటే ఒక క్లిప్‌ని ఫ్లిప్ చేయండి' అన్నావు. నీ వీడియోలో చేసిందీ అదే, బొమ్మను అద్దంలోలా కుడిఎడమలు మార్చావు. మళ్లీ ఒకసారి చూడు. మీ అక్క పైట కుడి భుజం మీద ఉంది. జీలకర్ర బెల్లం ఎడమ చేత్తో పెడుతోంది. పిల్లలు గమనించకపోవచ్చు కానీ మీ అమ్మమ్మ గమనిస్తుంది, అందరి ముందూ అడుగుతుంది. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఒక కెమెరా హాల్ వైపు ఉంది, రెండోది మండపం వెనక ఉంది. వధూవరుల మధ్య ఒక గీత గీసుకుంటే రెండు కెమెరాలూ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. అప్పుడు ఒకరు కుడికి, ఒకరు ఎడమకు చూస్తారు, చూపులు మధ్యలో కలుస్తాయి. ఇది పెళ్లికి ముందురోజు కెమెరా పట్టుకునే వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. నీ పాఠం అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఇప్పుడు నాకు అసలు బాధ కలిగించిన చోటికి వస్తాను. 14 పేజీల్లో శబ్దం గురించి ఎంత రాశావో లెక్కపెట్టాను. ఒక్క వాక్యం. 'ఆడియోను మీకు నచ్చినట్టు సర్దుకోండి.'

తెరను సగం చేయాలా వద్దా అని తేల్చాల్సింది చెవి. ముప్ఫై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, పత్రికల వాళ్లు ప్రతిసారీ ఈ పేరానే కోసేశారు. కన్ను అటూ ఇటూ తిరుగుతుంది, ఒక సగం చూసి రెండో సగానికి వచ్చి మళ్లీ వెనక్కి పోగలదు. చెవికి ఆ వీలు లేదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి మాటే అర్థమవుతుంది, రెండోది రొద. కాబట్టి ఏ సగం వినబడాలో ముందు తేల్చుకోవాలి. అది తేల్చుకోలేకపోతే ఆ షాట్‌ని చీల్చకూడదు. 1913లోనే అమెరికాలో లోయిస్ వెబర్ అనే దర్శకురాలు ఒక చిన్న సినిమాలో తెరను మూడు ముక్కలు చేసింది. ఫోన్‌లో భార్య, అవతల భర్త, ఇంట్లోకి చొరబడే దొంగ, ముగ్గురూ ఒకేసారి కనిపిస్తారు. చూసేవాళ్లకు ఏ గందరగోళమూ ఉండదు. అది మూకీ. మనకు ఆ వెసులుబాటు లేదు.

నీ వీడియోలో గట్టిమేళం మొదలవగానే డోలు ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. నువ్వు దాన్ని కంప్యూటర్ లోపం అనుకుని ఉంటావు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు నడుస్తుంది. మేళానికి ఒక కెమెరా దగ్గరగా, ఇంకోటి 17 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, రెండోదానికి ఆ దెబ్బ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకి 25 ఫ్రేముల (బొమ్మల) వీడియోలో అది ఒక ఫ్రేము కన్నా ఎక్కువ. పెదవులు మాటతో కలిసేలా సర్దితే డోలు విడిపోతుంది, డోలు కలిపితే పెదవులు విడిపోతాయి. ఒక కెమెరా శబ్దాన్ని ఉంచి రెండోదాన్ని మ్యూట్ చేయడం ఒక్కటే మార్గం. రెండూ కావాలనిపిస్తే రెండోదాన్ని 18, 20 డెసిబెల్స్ కిందికి దించు, వెనక సందడిలా మిగులుతుంది. ఇంకొకటి, చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని ఒకే లెక్కన తీయవు. వెలుతురును బట్టి ఆ సంఖ్య మారుతుంది. మొదట్లో కలిసిన పెదవులు పావుగంట తర్వాత తప్పిపోవడానికి అదొక కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ స్థిరంగా పెట్టి మార్చుకున్నాక ఎడిటింగ్ మొదలుపెట్టమని రాయి.

ఇక ఆ 13వ పేజీ.

2004లో మా అమ్మానాన్నల షష్టిపూర్తి. ఫంక్షన్‌లో వేయడానికి ఒక చిన్న వీడియో చేద్దామనుకున్నాను. అరువు తెచ్చిన మినీడీవీ (చిన్న టేపు మీద తీసే) కెమెరాతో నాన్నను వసారాలో, అమ్మను వంటింట్లో విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను, మీ పెళ్లి ఎలా జరిగింది అని. నాన్న చెప్పిన పెళ్లి వేరు, అమ్మ చెప్పిన పెళ్లి వేరు. యులీడ్ వీడియోస్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఓవర్‌లే ట్రాక్ ఉండేది, దాంతో ఇద్దరినీ పక్కపక్కన పెట్టాను. ఒక గంట టేపు కంప్యూటర్లోకి ఎక్కితే 13 జీబీ. నా హార్డ్‌డిస్క్ మొత్తం 40. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేలోపు కరెంటు పోయేది, మళ్లీ మొదటినుంచి. అలా నాలుగు రాత్రులు పోయాక డీవీడీ వచ్చింది. ఇద్దరి గొంతులూ సమానంగా పెట్టాను. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదంటున్నట్టు ఉంది, హాల్లో అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. నా పని బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాను. జాగా కోసం క్లిప్పులు చెరిపేశాను. టేపుల మీద తర్వాతి నెల ఇంకెవరిదో గృహప్రవేశం తీశాను.

అమ్మ 2011లో పోయింది. ఆవిడ గొంతు నా దగ్గర ఉన్నది ఆ డీవీడీలోనే. పెళ్లినాటి రాత్రి బండిలో వస్తుంటే వాన పడిందని చెబుతుంది, ఆ తర్వాత ఏదో అంటుంది. సరిగ్గా అక్కడ నాన్న మాట పైన పడుతుంది. ఏమందో నాకు తెలియదు. ఆ రోజు ఎడిటింగ్‌లో ఎన్నోసార్లు విని ఉంటాను, ఒక్క ముక్క గుర్తులేదు. గొంతులు విడదీసే సాఫ్ట్‌వేర్‌లు ఈమధ్య వచ్చాయి కదా, అవీ ప్రయత్నించాను. మాట చివరలు తెగిపోతున్నాయి. ఒరిజినల్ టేపు ఉంటే ఒక్క నిమిషం పని.

ఈ సంగతి వాక్యం వాక్యం కూర్చి ఒకసారి ఆ పత్రికకు రాశాను. సంపాదకుడు సగం తీసేసి, పైన 'పది నిమిషాల్లో స్ప్లిట్ స్క్రీన్' అని శీర్షిక పెట్టాడు. టైమ్‌లైన్‌ని 'కాలరేఖ', ట్రాక్‌ని 'పథం', క్రాప్‌ని 'అంచు ఖండన' చేశాడు. ఒక కుర్రాడు ఫోన్ చేసి, నా సాఫ్ట్‌వేర్‌లో కాలరేఖ లేదండీ, వేరే వెర్షన్ కొనాలా అని అడిగాడు. నీ పాఠంలో 'విభజిత తెర' అన్న మాట చూడగానే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. టైమ్‌లైన్‌ని టైమ్‌లైన్ అనే రాయి. నీ స్టూడియోలో నువ్వు నోటితో ఏమంటావో అదే కాగితం మీద పెట్టు. తెలుగు నిలబడాల్సింది ఆ మాటల చుట్టూ ఉన్న వాక్యాల్లో.

రీల్స్ కోసం ఒక అధ్యాయం కలపమన్నారని రాశావు. నిలువు తెరలో పైన సగం, కింద సగం అంటే 1080 వెడల్పు, 960 ఎత్తు. ఫోన్ సంభాషణకి అది బాగుంటుంది, తప్పకుండా రాయి. కానీ పైన మనిషి మాట్లాడుతుంటే కింద ఎవరో రైలు పట్టాల మీద పరుగెత్తే ఆట పెట్టే పద్ధతి ఒకటి నడుస్తోంది, అది మాత్రం నేర్పకు. పైన మాట్లాడేవాడి మీద నమ్మకం లేక పెట్టే సగం అది. ఆ రెండు సగాలకీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. నీ అడ్డుతెర చూసిన కళ్లతో దాన్ని చూడలేకపోయాను.

పాఠాన్ని మీ అక్క పెళ్లితో మొదలుపెట్టి మళ్లీ రాయి. కెమెరాలు ఎక్కడ నిలబెట్టాలి, ఏ సగం వినబడాలి, ఆ తర్వాత లెక్క. బటన్లు ఒక్క పేజీ చాలు. 13వ పేజీలో ఆ వాక్యం తీసేసి, ఒరిజినల్స్ రెండు డిస్కుల్లో దాచుకోమని రాయి.

దానికన్నా ముందు నాకోసం ఒక పని చెయ్యి. నీ వీడియోలో రెండో నిమిషం దాటాక, తెర పూర్తిగా కిందికి దిగకముందే, మీ అక్క మొహం పక్కకు తిప్పి మీ అమ్మతో ఏదో అంటుంది. పెదవులు కదలడం తెలుస్తోంది. మీ అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. రెండు కెమెరాల మేళం కలిసి ఆ మాటని మింగేసింది. వెనక ఉన్న కెమెరా మీ అక్కకు దగ్గరగానే ఉంది కాబట్టి మాట పట్టి ఉంటుంది. నువ్వు రాసినట్టు నువ్వే చేయలేదని, ఆ క్లిప్ ఇంకా నీ దగ్గర ఉందని ఆశపడుతున్నాను. ఉంటే హాల్ వైపు కెమెరాని పూర్తిగా మ్యూట్ చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ నాలుగు సెకన్లు విను. మీ అక్క ఏమందో నాకు రాయి.

ఆశీస్సులతో.