చిన్న ఫైర్‌వాల్ బాక్స్‌కి పెన్‌డ్రైవ్ చాలదా, ఎస్‌ఎస్‌డీ వేయాల్సిందేనా?

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో మీ కోచింగ్ సెంటర్ కోసం ఫ్యాన్ లేని మినీ పీసీ కొన్నారు. ఓపీఎన్‌సెన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ఫైర్‌వాల్‌గా, అంటే మీ నెట్‌వర్క్‌కి బయటి ఇంటర్నెట్‌కి మధ్య కాపలాగా వాడదామని. అందులో 8 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (స్టోరేజ్ చిప్) బోర్డుకే అతికించి ఉంది, ఎస్‌ఎస్‌డీ కార్డు గుచ్చే ఎమ్.2 స్లాట్ ఒకటి ఖాళీ. ఇంట్లో పడున్న 32 జీబీ పెన్‌డ్రైవ్ గుచ్చి నడిపేస్తే సరిపోదా అంటున్నారు.

సరిపోతుందండీ, కొన్ని నెలలు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు అనుభవమే.

శ్రీకాకుళంలో ఒక హాస్టల్‌కి, కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి, ఇంకో ల్యాబ్‌కి నెట్‌వర్క్ పని నేనే చూస్తాను. మొదట చేసింది డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర హాస్టల్. ఒకసారి బూటయ్యాక ఫైర్‌వాల్ అంతా ర్యామ్‌లోనే నడుస్తుంది కదా, డిస్క్‌తో పనేముంది అని నేనూ మీలాగే అనుకుని 16 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆరేడు నెలలు ఏ గొడవా లేదు. తర్వాత సెట్టింగుల పేజీ తెరవడానికి నిమిషం పట్టేది, ఒక్కోసారి తెరుచుకునేదే కాదు. పిల్లలకి మాత్రం నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. వార్డెన్ ఫోన్: "నెట్టు రాట్లేదు బాబూ, ఏటయిందో ఓసారి సూడు." వెళ్లి మానిటర్ తగిలిస్తే నల్లటి తెర మీద 'మౌంట్‌రూట్' అని, పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. అంటే కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ) లేచింది కానీ, సిస్టమ్ ఉండాల్సిన డిస్క్ దానికి దొరకడం లేదు. నాకు అర్థమైనదేమిటంటే, పెన్‌డ్రైవ్ చాలా రోజుల కిందటే సగం చచ్చిపోయింది. ర్యామ్‌లో ఉన్న సరుకుతో ఫైర్‌వాల్ నెట్టుకొస్తోంది. కరెంటు పోవడంతో ఆ గుట్టు బయటపడింది. ఫైర్‌వాల్ విషయంలో ఇదే అసలు చిక్కు. నెట్ వస్తోంది కదా అని డిస్క్ బాగుందనుకోవడానికి లేదు.

పెన్‌డ్రైవ్ ఎందుకు పోతుందంటే, ఫైర్‌వాల్ ఊరికే కూర్చోదు. ఆపిన ప్రతి ప్యాకెట్‌కీ లాగ్‌లో ఒక లైను, గ్రాఫుల కోసం లెక్కలు, ఎవరికి ఏ ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇచ్చిందో ఆ చిట్టా, ఇలా రోజంతా చిన్న చిన్న రాతలు రాస్తూనే ఉంటుంది. ఫ్లాష్ చిప్‌లో నాలుగక్షరాలు మార్చాలన్నా పెద్ద బ్లాకు మొత్తం చెరిపి రాయాల్సి వస్తుంది. మంచి ఎస్‌ఎస్‌డీలో ఆ అరుగుదలని చిప్ అంతటా సమంగా పంచే ఏర్పాటు ఉంటుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లో అది నామమాత్రం. సినిమాలు కాపీ చేసుకోవడానికి చేసిన వస్తువు అది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఈఎమ్‌ఎమ్‌సీ దానికంటే నయం. కానీ 8 జీబీలో సిస్టమ్ కూర్చున్నాక మిగిలేది తక్కువ, రాతలన్నీ ఆ కాస్త చోటులోనే తిరుగుతాయి. పైగా అది పోతే మార్చడానికి లేదు, బోర్డుతో సహా పారేయాలి. కాబట్టి దాన్ని ముట్టుకోకుండా వదిలేయండి.

నా సలహా, ఆ ఖాళీ స్లాట్‌లో సాటా అనే మామూలు రకం ఎస్‌ఎస్‌డీ, పేరున్న కంపెనీది, 120 జీబీ దరిదాపుల్లో. ఓపీఎన్‌సెన్స్ వాళ్లు సిఫారసు చేసేదీ 120 జీబీయే. అంత చోటు మీ ఫైర్‌వాల్‌కి అక్కర్లేదు నిజమే, కానీ చోటు ఎక్కువుంటే అరుగుదల పలచబడుతుంది. కొనేముందు టీబీడబ్ల్యూ అంకె చూడండి, ఎన్ని టెరాబైట్లు రాసేవరకు కంపెనీ పూచీ పడుతుందో అది చెబుతుంది. కింగ్‌స్టన్ ఏ400 120 జీబీకి అది 40. మా ల్యాబ్ బాక్స్ ఒక దశలో రోజుకి 20 జీబీ దాకా రాసేది. ఆ లెక్కన 2000 రోజులు, అంటే అయిదేళ్ల పైమాటే. తర్వాత చూస్తే అందులో సింహభాగం నెట్‌ఫ్లో (ఎవరు ఎటు ఎంత డేటా వాడారో రాసుకునే లెక్క) రాతలే. ఎవరూ చూడని గ్రాఫుల కోసం డిస్క్‌ని అరగదీస్తున్నానన్నమాట. ఆపేశాను, రోజుకి రెండు మూడు జీబీకి దిగింది. మీకూ అక్కర్లేకపోతే మొదటిరోజే ఆపేయండి.

ఎన్‌వీఎమ్‌ఈ (సాటా కంటే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) వద్దా అంటే, స్పీడు ఇక్కడ దేనికీ పనికిరాదు. బూట్ పది సెకన్లు ముందయితే మీకొచ్చేదేమీ లేదు. పైగా అది వేడెక్కుతుంది. ఫ్యాన్ లేని రేకు డబ్బాలో, మే నెలలో, తలుపేసిన గదిలో ఆ వేడి ఎటు పోతుంది?

ఇంకో జాగ్రత్త. ఎమ్.2 స్లాట్ అనగానే ఏదైనా పడుతుందనుకోకండి. కాశీబుగ్గ ఫ్యాక్టరీ బాక్స్‌కి నేను తెచ్చింది ఎన్‌వీఎమ్‌ఈ, స్లాట్ చూస్తే సాటా మాత్రమే తీసుకుంటుంది. చక్కగా దూరింది, స్క్రూ కూడా బిగించాను, బయోస్‌లో (బాక్స్ ఆన్ చేయగానే తెరుచుకునే సెటప్ తెరలో) మాత్రం కనపడదు. గంటసేపు తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి బోర్డు మీద సన్నగా రాసున్న అక్షరాలు ఫోన్ టార్చ్ వేసి చదివితే తెలిసింది. మర్నాడు పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లి మార్చుకొచ్చాను, ఒక రోజు కూలి పోయింది. ఎమ్.2లో సాటా కార్డుకి సాధారణంగా రెండు గాట్లుంటాయి, ఎన్‌వీఎమ్‌ఈకి ఎక్కువగా ఒకటే. పొడవు కూడా చూడాలి. 2242 అంటే 42 మిల్లీమీటర్లు, 2280 అంటే 80. చిన్న బాక్సుల్లో పొడుగుది పట్టకపోవచ్చు. పాత బాక్సుల్లో ఉండే ఎమ్‌సాటా మళ్లీ వేరే రకం. బాక్స్‌తో పాటు "ఫ్రీ" అని వచ్చే పేరులేని ఎస్‌ఎస్‌డీలను నేనైతే నమ్మను. ఒకటి ఏడాది కూడా నిలవలేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు అమర్చే పద్ధతి) జెడ్‌ఎఫ్‌ఎస్సా, యూఎఫ్‌ఎస్సా అని అడుగుతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ తీసుకోండి. పాత డేటా మీద రాయకుండా కొత్త చోట రాసి ఆ తర్వాతే మారుస్తుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ సాధారణంగా చెడదు. యూఎఫ్‌ఎస్‌తో కరెంటు పోయినప్పుడల్లా కీబోర్డు పట్టుకుని వెళ్లి ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్ రిపేరు కమాండు) కొట్టిన రోజులు నాకున్నాయి.

కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా వైపు ఇన్వర్టర్ లేని షాపు కరువైంది. కానీ ఇన్వర్టర్ ఉన్నా ఫ్యాక్టరీలో బాక్స్ రోజుకి రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయ్యేది. చూస్తే ఇన్వర్టర్ మీద చిన్న స్విచ్, ఒకవైపు 'నార్మల్', ఒకవైపు 'యూపీఎస్'. నార్మల్‌లో ఉంటే బ్యాటరీకి మారేలోపు ఫ్యాన్లకి ఏమీ తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. యూపీఎస్ వైపు తిప్పాను, ఆ బాధ పోయింది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకి పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ వాడొచ్చు. మీ అడాప్టర్ మీద ఎన్ని యాంప్‌లని ఉందో చూసుకుని అంతకు తగ్గనిది కొనండి.

ఇంత చేసినా డిస్క్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. నెలకోసారి డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్ ప్లగిన్‌లో ఒక చూపు వేయండి. మార్పు చేసిన ప్రతిసారీ కాన్ఫిగ్ ఫైల్ (సెట్టింగులన్నీ ఉండేది) డౌన్‌లోడ్ చేసి ఇంకోచోట పెట్టుకోండి, అది చాలా చిన్న ఫైలు. మీ 32 జీబీ పెన్‌డ్రైవ్ పని ఇక్కడ ఉంది. అందులో ఇన్‌స్టాలర్ వేసి, ఇంకో చిన్న పెన్‌డ్రైవ్‌లో 'కాన్ఫ్' అనే ఫోల్డర్‌లో ఆ ఫైల్ ఉంచి, రెండూ కవర్‌లో పెట్టి బాక్స్ పక్కన టేపుతో అంటించండి. ఇన్‌స్టాలర్ బూటయ్యేటప్పుడు కాన్ఫిగ్ ఇంపోర్టర్ కావాలా అని అడుగుతుంది, ఏదో ఒక కీ నొక్కి, ఆ చిన్న పెన్‌డ్రైవ్ పేరు ఇస్తే పాత సెట్టింగులు లోడ్ అవుతాయి. హాస్టల్లో రెండోసారి ఎస్‌ఎస్‌డీ మార్చినప్పుడు నాకు అరగంట కూడా పట్టలేదు.

కొనేముందు మూత విప్పి స్లాట్ ఫోటో ఇక్కడ పెట్టండి, పక్కన రాసున్న అక్షరాలు కనపడేలా. సాటానో కాదో చెబుతాను.