సంపెంగ, సంపంగి, సంపిగె

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది ఒంగోలు. బెంగళూరు మల్లేశ్వరంలో, సంపిగె రోడ్డుకు దగ్గర్లో ఉంటున్నాం. వరలక్ష్మీ వ్రతానికి మా వదిన చెన్నై నుంచి వస్తూ "సంపంగి దండ తెస్తున్నా" అని ఫోన్ చేసింది. తీరా పొట్లం విప్పితే తెల్లటి లిల్లీపూల దండ! ఇక్కడ సంపిగె అంటే పసుపుపచ్చటి పువ్వే ఇస్తారు. సంపెంగ, సంపంగి, సంపిగె ఒకటేనా, వేర్వేరా? తెలుగులో ఏది రాయాలి? అలాగే పువ్వు, పూవు – ఏది సరి? – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

సమాధానం: అమ్మా, మీ వదినగారిది పొరపాటు కాదు, చెన్నై పూలకొట్టు వాళ్ళదీ కాదు. తమిళ దేశంలో ఈనాడు సంపంగి అని అడిగితే మనం లిల్లీ అనే తెల్లపువ్వే ఇస్తారు. అసలు సంపెంగ కావాలంటే అక్కడ 'షెణ్బగం' అని అడగాలి. బెంగళూరులో ఆ తెల్లపువ్వు పేరు 'సుగంధరాజ'. మూడు ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఈ తికమక తప్పదు.

మూడు మాటలకూ తల్లి సంస్కృతంలోని చంపకమే. మొదటి చకారం సకారమైంది; పల్లెల్లో చందమామను సందమామ అన్నట్టే. కకారం గకారమైంది. ఇంతవరకు మామూలే. నాకు ముచ్చటగా అనిపించేది అచ్చుల సంగతి. షెణ్బగం అన్నప్పుడు తమిళం మొదటి అచ్చును ఎత్వం చేసింది. సంపెంగ అన్నప్పుడు తెలుగు నడిమి అచ్చును ఎత్వం చేసింది. సంపిగె అన్నప్పుడు కన్నడం చివరి అచ్చును ఎత్వం చేసింది. ఒకే పువ్వును ముగ్గురు అక్కచెల్లెళ్ళు మూడుచోట్ల తురుముకున్నారు. ఇక గకారం ముందున్న సున్న సంస్కృతంలో లేదు, షెణ్బగంలో లేదు, సంపిగెలోనూ లేదు. అది తెలుగు చేర్చుకున్నది. పాత పుస్తకాల్లో అరసున్నతో 'సంపెఁగ' అని కనిపిస్తుంది. వాడుకలో నిండుసున్న పలికి సంపెంగ, సంపంగి అయింది. తమిళుల సంపంగిలోనూ ఆ సున్న ఉంది కాబట్టి ఆ రూపం మన దగ్గర్నుంచే అటు వెళ్ళిందని నా అనుమానం. బెంగళూరులోనూ దాని జాడ ఉంది. ఇప్పుడు కంఠీరవ స్టేడియం ఉన్నచోట ఒకప్పుడు ఉన్న చెరువు పేరు సంపంగి కెరె. పక్క పేట సంపంగిరామనగర. చైత్రపౌర్ణమి కరగ ఉత్సవంలో ఆ చెరువులో మిగిలిన చిన్న కొలను దగ్గర నేటికీ పూజ చేస్తారు.

ఇక సంపెంగ మాట వచ్చాక వసుచరిత్ర చదవకుండా ముందుకు పోలేను. ఆ కావ్యంలో రామరాజభూషణుడు కథానాయిక గిరిక ముక్కును వర్ణించిన పద్యం ఇది:

నానాసూన వితాన వాసనల నానందించు సారంగ మే
లా నన్నొల్లదటంచు గంధఫలి బల్కాకం దపంబంది యో
షానాసాకృతిఁ దాల్చి సర్వసుమనస్సౌరభ్య సంవాసియై
పూనెం బ్రేక్షణమాలికా మధుకరీపుంజంబు లిర్వంకలన్

తుమ్మెద అన్ని పూల మీదా వాలుతుంది, సంపెంగ మీద మాత్రం వాలదని కవుల సంప్రదాయం. ఆ పువ్వుకు అది దుఃఖం. "ఇన్ని పూల వాసనలకు మురిసిపోయే తుమ్మెద నన్నెందుకు వద్దంటుంది?" అని కుమిలిపోయి తపస్సు చేసింది. ఫలితంగా స్త్రీ ముక్కు రూపం పొందింది. ఇక అన్ని పూల పరిమళాలూ తనలోకే వచ్చి చేరతాయి. రెండు వైపులా కళ్ళు; వాటి నల్లని చూపుల వరసలే తుమ్మెదల గుంపులు. ఒక్క తుమ్మెద రాలేదని ఏడ్చిన పువ్వుకు ఇప్పుడు కుడిఎడమల విడిచిపోని తుమ్మెదలు!

'గంధఫలి' అన్న మాట దగ్గర ఆగండి. చాలామంది దీనికి సంపెంగపువ్వు అని అర్థం చెప్పి పేజీ తిప్పేస్తారు. సంస్కృత నిఘంటువు అమరకోశం చాంపేయం, చంపకం, హేమపుష్పకం అని చెట్టు పేర్లు చెప్పి, వెంటనే "ఏతస్య కలికా గంధఫలీ" అంటుంది. అంటే గంధఫలి సంపెంగ మొగ్గ. విచ్చిన సంపెంగకు రేకులు నలుదిక్కులా విడివడి ఉంటాయి, అది ముక్కులా ఉండదు. ముక్కులా నిలువుగా, కోసుగా, నున్నగా ఉండేది మొగ్గే. పర్యాయపదాలు ఎన్నో ఉండగా కవి ఈ మాటే ఎందుకు ఎంచుకున్నాడో అర్థమైతే పద్యం సగం అర్థమైనట్టు. (గంధఫలికి ప్రియంగువు అనే అర్థమూ ఉంది, దానితో ఇక్కడ పని లేదు.)

'బల్కాకం దపంబంది' చూడండి. కాక తెలుగు వేడి, తపం సంస్కృతపు వేడి. రెంటినీ పక్కపక్కన పెట్టాడు. పువ్వు ఎండలో నిలబడి తపస్సు చేసినట్టు కనిపిస్తుంది. 'సుమనస్సు' అంటే పువ్వు, మంచి మనసు కూడా. అన్నిటికీ మించి, పద్యాన్ని పైకి చదవండి. మొదటి పాదం నిండా నకారాలే. ప్రాస కూడా నకారమే. నకారం ముక్కుతో పలికే అక్షరం. ముక్కు మీది పద్యం ముక్కుతోనే మోగాలని కవి కోరుకున్నాడు. అందులో తుమ్మెద ఝంకారం కూడా వినిపిస్తుంది. పిల్లలకు ఈ పద్యం నేర్పేటప్పుడు అర్థం తర్వాత చెప్పినా ఫరవాలేదు, ముందు గట్టిగా చదివించండి.

ఈ పద్యం నంది తిమ్మనదనీ, భట్టుమూర్తి (రామరాజభూషణుడికే మరో పేరు) కొనుక్కున్నాడనీ, ఈ పద్యం వల్లే తిమ్మనకు ముక్కు తిమ్మన అన్న పేరొచ్చిందనీ కథ ఒకటుంది. పద్యం రానివాళ్ళకు కూడా ఈ కథ వచ్చు! నాకు కోపం అక్కడే. తిమ్మన 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయల కొలువులోని కవి. వసుచరిత్ర అంకితమైంది తిరుమలదేవరాయలకు. ఆయన 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుగొండ నుంచి రాజ్యం చేశాడు. నడుమ ఇన్ని దశాబ్దాలుండగా అమ్మకం కథను నమ్మడం కష్టం. పారిజాతం చుట్టూ ఒక కావ్యమే నడిపిన తిమ్మనకు ముక్కు పద్యంతో వచ్చే కీర్తి అవసరమా? భట్టుమూర్తి పద్యాన్ని భట్టుమూర్తికే ఉంచుదాం.

మీ తెల్లపువ్వు సంగతికి వస్తాను. లిల్లీ అంటున్నా అది అసలు లిల్లీ జాతి కాదు. దాని పుట్టిల్లు మెక్సికో. సముద్రాలు దాటి మన దేశానికి వచ్చినప్పుడు జనం తమకు తెలిసిన పరిమళం పేరే దానికి పెట్టారు. చెట్టున కాక నేలలోని దుంప నుంచి లేచిన కాడకు పూస్తుంది కనుక నేలసంపెంగ అన్నారు. ఈ పేరు చక్కటిది. తమిళంలోనూ 'నిలసంపంగి' అనేవారు, అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాడుకలో 'నిల' రాలిపోయి సంపంగి మిగిలింది. అలా పరాయి పువ్వు వచ్చి పాత పువ్వు పేరును తీసుకుంది. ఆకుపచ్చగా మొదలై పండిన పండులా వాసన వేసే మనోరంజితాన్ని ఆకుసంపెంగ అంటాం, అదీ వేరే జాతే. చంపకమాల వృత్తం అందరికీ తెలిసిందే. సింహాచలం సంపెంగల గురించి ఉత్తరాంధ్ర వాళ్ళను అడగండి, నాకంటే బాగా చెబుతారు.

ఇంత చక్కటి పేరు ఉండగా ఈమధ్య సబ్బుల ప్రకటనల్లో, టీవీ యాంకర్ల నోట 'చంపా' వినిపిస్తోంది. హిందీ వాళ్ళు చంపా అనుకోవచ్చు, అది వాళ్ళ మాట. పైగా ఉత్తరాదిన దేవగన్నేరును కూడా చంపా అంటారు. తెలుగు పిల్ల ఆ మాట పట్టుకుంటే రేపు ఏ పువ్వు తెస్తుందో చెప్పలేం. 1753లో ఈ చెట్టుకు శాస్త్రనామం పెట్టిన లిన్నేయస్ సైతం అందులో 'చంపకా' అని మన దేశపు పేరు ఉంచాడు. తర్వాత శాస్త్రవేత్తలు ప్రజాతి పేరు మిషేలియా నుంచి మాగ్నోలియాకు మార్చారు, చంపకాను మాత్రం మార్చలేదు. మనమెందుకు మార్చుకోవాలి? ఇంట్లో దేవుడి గూటి ముందు నిలబడి "ఫ్లవర్స్ పెట్టావా?" అని అడిగేవాళ్ళకు కూడా ఇదే మాట చెబుతున్నాను.

ఏది రాయాలి అంటే, పసుపుపచ్చటి పువ్వుకు 'సంపెంగ' రాయండి. సంపంగి తప్పని నేననను. మాట్లాడేటప్పుడు చాలా ఊళ్ళలో అదే పలుకుతారు. అయితే చెన్నై వాళ్ళు చదివే చోట సంపంగి అని రాస్తే వాళ్ళ కళ్ళకు తెల్లపువ్వే కడుతుంది. తెల్లపువ్వుకు నేలసంపెంగ అనాలని నా కోరిక. లిల్లీ అన్న మాట గుంటూరు, ఒంగోలు మార్కెట్లలో పాతుకుపోయింది కాబట్టి దాన్ని పీకేయమని పట్టుబట్టను. బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు వెళ్తే సంపిగె, సుగంధరాజ అని అడగండి. చెన్నై కోయంబేడు మార్కెట్‌లో షెణ్బగం, సంపంగి అని అడగండి. అంగట్లో అంగడి భాషే మాట్లాడాలి. మీ వదినగారి దండ అమ్మవారికి వేయవచ్చా అన్నది మీ పురోహితుణ్ణి అడగాల్సిన మాట. పరిమళం ఉన్న పువ్వు కనుక నాకైతే అభ్యంతరం కనిపించదు.

పువ్వు, పూవు రెండూ ఒప్పే. బహువచనం పువ్వులు, పూవులు, పూలు. 'పూవ్వు' అని మాత్రం రాయకండి.