‘ర్యాంక్ ఎంత?’ అని అడిగేది ర్యాంక్ కోసం కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఎస్సీ కేటగిరీలో సీటొచ్చింది. హాస్టల్ రూమ్‌లో నలుగురం. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, నాకు జ్వరమొస్తే ఒకమ్మాయి రాత్రిపూట వెళ్లి మందులు తెచ్చింది. కానీ చేరిన వారంలోనే ర్యాంక్ అడిగారు. చెప్పగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు చదువుకుంటుంటే ‘నీకెందుకే ఇంత కష్టం, జాబ్ ఎలాగూ వస్తుంది’ అంటారు. ‘నువ్వు అలా కనిపించవే’ అని మెచ్చుకుంటున్నట్టు అంటారు. ‘గట్లనే’ అంటే నవ్వుతారు. అమ్మేమో ‘పట్టించుకోకు బిడ్డా’ అంటుంది. నేనే అతిగా ఆలోచిస్తున్నానా? రూమ్ మారిపోనా?

జవాబు: అతిగా ఏమీ ఆలోచించడం లేదు. కులం నేరుగా అడిగితే బాగోదనుకునేవాళ్లు మన దగ్గర ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ వైపని అడుగుతారు. ఇంజినీరింగ్ కాలేజీలో ర్యాంక్ అడుగుతారు. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటావే కదా. డబ్బు కట్టి చేరినవాళ్లను ర్యాంక్ అడిగితే ‘మాది బీ కేటగిరీ’ అని నవ్వేసి వెళ్లిపోతారు. వాళ్ల తెలివితేటల మీద ఎవరికీ అనుమానం రాదు. అలా నవ్వేసి వెళ్లిపోయే వీలు మీకు లేదు, తేడా అక్కడుంది.

నేనూ అడిగినదాన్నే. డిగ్రీలో మొదటి రోజు పక్కనమ్మాయిని ‘మీ ఇంటిపేరేంటి’ అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి చెప్పింది. ఎందుకు ఆగిందో నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. అలా ఆగాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు మరి.

కాబట్టి ముగ్గురినీ ఒకే గాటన కట్టకండి. ముందు మందులు తెచ్చినమ్మాయితో, మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. ‘అలా కనిపించవు అంటారు కదా, ఎలా కనిపించాలే?’ అని మామూలు గొంతుతో అడిగి ఊరుకోండి. జవాబు తననే వెతుక్కోనివ్వండి. ‘ఆ ఉద్దేశంతో అనలేదే’ అంటుంది, నిజమే అయ్యుండొచ్చు కూడా. ‘తెలుసు, కానీ నాకు గుచ్చుకుంది’ అనండి, చాలు. ఇంకెవరైనా ర్యాంక్ అడిగితే ‘ఏం, ఫామ్ నింపుతున్నావా?’ అనండి. మీ యాస మాత్రం మార్చుకోకండి.

చెప్పాక కూడా కావాలని అనేవాళ్ల లెక్క వేరు. ఏ రోజు, ఏం మాటన్నారు, పక్కన ఎవరున్నారు, ఫోన్లో రాసి పెట్టుకోండి. కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని 2012 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. కులం పేరుతో మానసికంగా వేధించడం కూడా ర్యాగింగే అని 2016లో సవరణ తెచ్చారు. హెల్ప్‌లైన్ 1800-180-5522. ప్రతి మాటకీ అక్కడిదాకా వెళ్లమనను. దారి ఉందని తెలిసి మాట్లాడితే గొంతు వణకదు.

అమ్మ మాట తప్పనను. పట్టించుకోకుండానే ఆమె ఎన్నో దాటి ఉంటారు. అయినా ఈసారి ఊరెళ్లినప్పుడు ఆమెకు ఎదురైనవి అడిగి చూడండి.

రూమ్ సంగతి ఇప్పుడే తేల్చకండి. నిద్ర పట్టకపోయినా, మెస్‌కు వెళ్లబుద్ధి కాకపోయినా మాత్రం వెంటనే మారిపోండి, అందులో ఓడిపోయిందేమీ లేదు. ముందు ఆ అమ్మాయితో మాట్లాడండి. ఏమందో నాకు రాయండి.